పిలవనప్పుడు మోగిన గంట

డిటెక్టివమ్మకు భర్త మీద ఉన్న ఫిర్యాదు నలుగురిలో చెప్పుకునేది కాదు. ఆయన తాగడు. పేకాడడు. ఆఫీసు నుంచి ఆలస్యంగా రాడు. అలాంటివేవైనా చేసే మనిషైతే గుమ్మంలో కూర్చుని ముక్కు చీదుకుంటూ హాయిగా చెప్పుకోవచ్చు, వినేవాళ్లు కూడా జాలిపడి ఓ కప్పు టీ ఇస్తారు. రీఛార్జి బ్యాటరీల సత్తా కొలుస్తూ కూర్చునే భర్త గురించి ఎవరికి చెప్పి ఏడవాలి?

భోజనాల బల్లలో సగం ఆ ఛార్జరుదే. వేలెడేసి బ్యాటరీలు నాలుగు ఎప్పుడూ దాని గూళ్లలో పడుకుని ఉంటాయి, వార్డులో రోగుల్లా. వాటి తలాపున చిన్న తెర, తెర మీద అంకెలు. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, ఆ అంకెలు చదివి, నల్ల మార్కరుతో ఒక్కో బ్యాటరీ ఒంటి మీద దాని సత్తా ఎంతో రాస్తాడు. అది తేలేదాకా ఇంట్లో ఏదీ నడవదు. గోడ గడియారం వారం నుంచి పది గంటల దగ్గరే నిలబడి ఉంది. టీవీ రిమోటు కడుపు ఖాళీ. వంటింటి తూకం ఊపిరి వదిలేసింది. అడిగితే, "పరీక్షలో ఉన్నాయోయ్" అంటాడు, కన్నకొడుకు డాక్టరీ పరీక్ష రాస్తున్నంత గర్వంగా. అపార్టుమెంటులో ఏ ఇంట్లో టార్చిలైటు వెలగకపోయినా ఆయన దగ్గరికే వస్తారు. అందరూ పెట్టిన పేరు ఛార్జరుగారు.

రెండో ఫిర్యాదు ఇంకా చిన్నది, ఇంకా పాతది. తప్పు తనదని ఆయన ఏనాడూ ఒప్పుకోడు. పెళ్లయిన కొత్తలో వేరే ఊరి రైలెక్కించి, సగం దారిలో దిగి, రైలే తప్పు ప్లాట్‌ఫారం మీదికి వచ్చిందన్నాడు. ఆ రైలు తరఫున వాదించేవాళ్లు లేక ఆ కేసు అలాగే మూతబడింది.

మొన్నమొన్నటిదాకా ఈ రెండూ వేరువేరు ఫిర్యాదులు. ఎదురింటి టీచరమ్మ పోయాక రెండూ ఒక్కటై పోలీసు ఫైల్లో చేరాయి.

టీచరమ్మ రిటైరై చాలాకాలమైనా గొంతులో బడి అలాగే ఉండేది. ఉన్నట్టుండి ఆయాసం వచ్చే జబ్బు. మంచం పక్కన స్టూలు మీద పీల్చే మందు ఉండాలి, పిలిస్తే పలికే మనిషి ఉండాలి. ఆ మనిషి మేనకోడలు. గట్టిగా పిలిచే ఊపిరి లేదు కాబట్టి ఒక గంట కొనుక్కున్నారు. నొక్కే బిళ్ల టీచరమ్మ చేతిలో ఉంటుంది, మోగే పెట్టె మేనకోడలి దగ్గర. ఆ పిల్ల వంటింట్లో ఉంటే పెట్టె వంటింట్లో, వెనక బాల్కనీలో ఉంటే పెట్టె పిట్టగోడ మీద. టీచరమ్మ ఎప్పుడూ రెండుసార్లు నొక్కేది. మొదటిది మర్యాదకి, రెండోది తొందరకి అనేది.

ఆ మధ్యాహ్నం మేనకోడలు బాల్కనీలో దుప్పట్లు ఉతికి లోపలికొచ్చేసరికి టీచరమ్మ సగం మంచం మీద, సగం కింద ఉంది. పీల్చే మందు బీరువా కిందికి దొర్లిపోయింది. బిళ్ల గుప్పిట్లోనే ఉంది. బొటనవేలు దాని మీదే ఉంది.

గంట మోగలేదని మేనకోడలు అంది. మోగిందని పోలీసులన్నారు.

పోలీసులంటే పరాయివాళ్లు కారు. ఆ ప్రాంతం ఇన్‌స్పెక్టర్ డిటెక్టివమ్మకు సొంత మరిది. ఆయన పెట్టెలోంచి బ్యాటరీలు తీసి, స్టేషన్లో ఉన్న మామూలు ఛార్జరులో రాత్రంతా పెట్టి, ఆకుపచ్చ దీపం వెలిగాక తెచ్చి మళ్లీ పెట్టెలో వేశాడు. బిళ్ల నొక్కాడు. మోగింది. ఆ బ్యాటరీలు ఎక్కడివని విచారిస్తే సొంత అన్నయ్య ఇచ్చినవేనని తేలింది. అన్నయ్య వాంగ్మూలమిచ్చి సంతకం పెట్టాడు. రెండు బ్యాటరీలూ తానే పరీక్షించి ముందురోజు సాయంత్రం ఇచ్చానని, ఒక్కోదాని సత్తా రెండువేల మూడువందలని, వారం రోజులు నిక్షేపంలా పనిచేస్తాయని అందులో ఉంది.

గంట మోగిందని దాంతో ఖాయమైంది. మోగినా ఆ పిల్ల వెళ్లలేదన్నమాట. పైగా ఆ పొద్దున్నే మేనకోడలు అరవడం కింది ఫ్లాటావిడ చెవుల్లో పడింది. "ఇంక నువ్వు పిలిచినా రాను."

*

"ఏం వెతుకుదామని వచ్చారు వదినా?" ఇన్‌స్పెక్టర్ టీచరమ్మ గదిలో కిటికీకి ఆనుకుని నిలబడి అడిగాడు. "ఇక్కడ పిల్లులేమీ తప్పిపోలేదే."

డిటెక్టివమ్మ ఇప్పటిదాకా పట్టుకున్నవాటిలో ఎక్కువ భాగం పిల్లులేనన్న సంగతి ఆయన ఎక్కడికెళ్లినా మరవడు.

"ఒక గంట తప్పిపోయిందట. దొరుకుతుందేమోనని."

"రేపు సాయంత్రం దాకా వెతుక్కోండి. తర్వాత ఈ అమ్మాయిని తీసుకెళ్తున్నాను. కాగితాలు రెడీ అవుతున్నాయి."

మేనకోడలు గుమ్మం అవతలే నిలబడి ఉంది. ఇరవై దాటిన మనిషి, ఈ నాలుగు రోజుల్లో గదుల మధ్య నడవడానికే భయపడే పిల్లలా అయిపోయింది.

"లోపలికి రావేం?" అడిగింది డిటెక్టివమ్మ.

"పిలిస్తే తప్ప రాకూడదక్కా. అత్త రూలు." ఆ మాట అనేశాక ఏమందో తనకే అర్థమై, గుమ్మం పట్టుకుంది.

గదిలో ఏదీ కదిలించలేదు. దిండు మీద తల గుంట అలాగే ఉంది. స్టూలు మీద గ్లాసులో నీళ్లు, నీళ్ల మీద సన్నటి పొర. కళ్లజోడు మడిచి పెట్టి ఉంది, ఇప్పుడే వచ్చి తీసుకుంటానన్నట్టు. మంచం కింద చెప్పులు గుమ్మం వైపు తిరిగి ఉన్నాయి. కిటికీ పక్క బల్ల మీద గంట పెట్టె, సబ్బు పెట్టె అంత.

"ఆ పొద్దున గొడవైందా?"

"అయింది."

"ఏమన్నావు?"

మేనకోడలు గోడ వైపు చూసింది. "ఇంక పిలిచినా రానన్నాను. తెల్లారినప్పట్నుంచి నొక్కుతూనే ఉందక్కా. దిండు సర్దమని, కిటికీ వెయ్యమని, మళ్లీ తియ్యమని. చెవులు దిబ్బడేసి అనేశాను. తర్వాత మళ్లీ మోగితే వెళ్లాను. రోజూ అనేదాన్ని. రోజూ వెళ్లేదాన్ని."

"అరిచింది వినపడింది కానీ వెళ్లింది వినపడలేదు," అంది డిటెక్టివమ్మ మరిది వైపు తిరిగి.

"అడుగుల చప్పుడుకి సాక్షులుండరు వదినా. మాటకుంటారు."

"మధ్యాహ్నం ఒక్కసారైనా మోగిందా?"

"లేదక్కా. పొద్దున అంత మోగింది, మధ్యాహ్నం నోరెత్తలేదు. నా మీద అలిగిందనుకున్నాను." ఆమె గొంతు తగ్గించింది. "అప్పుడు మోగలేదు. ఇప్పుడు మోగుతోంది."

"ఇప్పుడా?"

"నిన్న తెల్లారినప్పట్నుంచి. అత్త నొక్కినట్టు రెండుసార్లు కాదు, ఒక్కసారే. అదైనా పూర్తిగా మోగదు, సగంలో తెగిపోతుంది. నన్ను పిలవబోయి, ఊపిరందక ఆపేసినట్టుంటుంది."

"మనస్సాక్షి అంటారు దాన్ని," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "దానికి బ్యాటరీలు అక్కర్లేదు."

"బిళ్ల ఎక్కడుంది?"

ఆయన జేబులోంచి సీలు వేసిన ప్లాస్టిక్ కవరు తీశాడు. లోపల తెల్లటి బిళ్ల. "ఆ రోజు నొక్కి చూశాక ఇది స్టేషను బీరువాలోంచి బయటికి రావడం ఇదే. మరి నిన్నటి నుంచి గంట నొక్కుతున్నదెవరు? మీరే చెప్పండి."

చెత్తబుట్టలో వేయబోయేవాడిలా కవరును ఒక మూల పట్టుకుని ఊపాడు. సరిగ్గా అప్పుడే బల్ల మీది పెట్టె పలికింది.

టిం...

అది గంట చప్పుడే. కాని మొదలైన చోటే నీరసించి, కిందికి జారి, తెగిపోయింది. టాం అన్న రెండో సగం రాలేదు. ఆ రాని సగం కోసం గదిలో ముగ్గురూ ఎదురుచూశారు. పరదా కూడా కదలలేదు. మేనకోడలు రెండు చేతులతో చెవులు మూసుకుంది.

ఇన్‌స్పెక్టర్ తన చేతి వైపు చూసుకున్నాడు. "నా వేలు తగిలినట్టుంది."

"నీ వేళ్లు కవరు మూలన ఉన్నాయి."

కవరును ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుని, తర్వాత ఏ చేతిలోనూ వద్దనుకుని స్టూలు మీద పెట్టి, ఒక అడుగు వెనక్కి వేశాడు. గొంతు సవరించుకున్నాడు. "మోగితే మంచిదే కదా. నేను చెప్పిందే ఖాయమైంది. గంట పనిచేస్తోంది."

డిటెక్టివమ్మ బల్ల ముందు గొంతుక్కూర్చుంది. పెట్టె నుదుటి మీద ఆవగింజంత ఎర్ర దీపం. అది మిణుకుమని, పలచబడి, ఆరిపోయింది.

"ఇప్పుడు నొక్కు."

"ఏంటి?"

"బిళ్ల. కవరు మీద నుంచే. రెండుసార్లు."

ఇన్‌స్పెక్టర్ వంగి నొక్కాడు. ఏ చప్పుడూ లేదు. మళ్లీ నొక్కాడు. గోరు తెల్లబడేదాకా నొక్కాడు. పెట్టె పలకలేదు.

"మరి ఇప్పుడు మోగదేం?" అంది ఆమె. 

 పక్కింట్లో ఎవరో నీళ్లు పడుతున్నారు, బకెట్ నిండింది, కొళాయి కట్టేశారు. అప్పుడు ఎవరూ ముట్టుకోని పెట్టె మీద ఎర్ర దీపం తనంతట తనే కళ్లు తెరిచింది.

టిం...

 దెయ్యాల మీద డిటెక్టివమ్మకు పెద్దగా నమ్మకం లేదు, కానీ ఈ చప్పుడులో ఉన్న అలసట మాత్రం మనిషిదే. పిలిస్తే పలకదు. పిలవకపోతే పలుకుతుంది. బిళ్ల మీద బొటనవేలు పెట్టి నొక్కి, నొక్కి, గుమ్మం వైపు చూస్తూ ఉండిపోయిన ఒక ముసలావిడ ఆమె కళ్ల ముందుకొచ్చింది. ఆ మొహాన్ని పక్కకి తోసి, ఆరిపోయి వెలిగే దీపం గురించి మాత్రమే ఆలోచించమని తనకు తాను చెప్పుకుంది. ఆ పెట్టె చచ్చిపోతోంది. కాస్త పడుకుంటే తేరుకుంటోంది. తేరుకోగానే లేచానని చెప్పబోయి, ఆ చెప్పే ఓపిక లేక మళ్లీ పడిపోతోంది. ఇది మనిషి లక్షణం కావచ్చు, లేదా...

పెట్టె వెనక మూత తీసింది. రెండు బ్యాటరీలు. రెండింటి మీదా నల్ల మార్కరు రాత, 2300, 2300. సున్నా చుట్టి పైన చిన్న తోక వదిలే అలవాటు లోకంలో ఒక్కరికే ఉంది. ఒక బ్యాటరీ తళతళలాడుతోంది. రెండోదాని తొడుగు వెలిసిపోయింది, అంచున గీతలు పడ్డాయి.

"ఇవి నీకు సారు ఇచ్చినవేనా? మధ్యలో మార్చలేదుగా?"

"అవేనక్కా. ముందురోజు సాయంత్రం తలుపు కొట్టి ఇచ్చారు. మీ చుట్టాలొచ్చిన రోజు." మేనకోడలు గుమ్మం దగ్గర్నుంచే మెడ సాచి చూసింది. "ఆ పాతది అప్పుడు వేడిగా ఉందక్కా. చేత్తో పట్టుకోలేక గిన్నె తెచ్చి అందులో వేయించుకున్నాను. 'ఏంటి సార్, కాలుతోంది' అంటే, 'కడుపునిండా తిన్నదమ్మా, అందుకే' అన్నారు."

డిటెక్టివమ్మ చేయి మూత మీదే ఆగిపోయింది.

పన్నెండేళ్లుగా అన్నం తింటూ వినీవినకుండా విన్న ఉపన్యాసాలన్నీ ఒక్కసారిగా చెవుల్లో లేచి కూర్చున్నాయి. వాటిలో ఏ ఒక్కటీ ఎప్పటికైనా పనికొస్తుందని ఆమె అనుకోలేదు. ఇలా పనికొస్తుందని అసలే అనుకోలేదు.

"ఈ రెండూ నాకు కావాలి," అంది లేచి నిలబడి. "రేపటిదాకా."

"అది సాక్ష్యం వదినా."

"సాక్ష్యాన్ని స్టేషన్లో ఛార్జి పెట్టిన మనిషివి నువ్వు. ఆవిడ పోయిన రోజు ఇందులో ఎంత మిగిలి ఉందో అదే రోజు చూడాల్సింది. చూడకుండా నింపి తెచ్చి, నిండుగా ఉందని రాసుకున్నావు. ఖాళీ బిందెలో నీళ్లు పోసి, దొంగ నీళ్లు తాగలేదని తేల్చినట్టుంది."

ఇన్‌స్పెక్టర్ మొహం ఎర్రబడింది. "బ్యాటరీల విషయంలో మీరు నాకు చెప్పడమేంటి? మా అన్నయ్య మాటకి పైన అప్పీలు లేదు. ఆ మాట రాతలో ఉంది, కింద సంతకం ఉంది."

"అందుకే ఆయన దగ్గరికే తీసుకెళ్తున్నా."

"నేనూ వస్తా. నా కళ్ల ముందే పెట్టాలి."

*

"నా రాతే," అన్నాడు ఛార్జరుగారు, కళ్లజోడు దించి. "ఇందులో అనుమానమేముంది? రెండువేల మూడువందల మిల్లీ ఆంపియర్ అవర్లు. కొత్తదానితో సమానం. కావాలంటే మళ్లీ నింపి చూపిస్తా."

తమ్ముడి కళ్ల ముందే రెండింటినీ గూళ్లలో పెట్టి, నింపే మీట నొక్కాడు.  ఆ రాత్రి ఎదురింట్లోంచి గంట వినపడలేదు, బ్యాటరీలు ఇక్కడున్నాయి కాబట్టి. ఆ నిశ్శబ్దానికి భయపడిందేమో, మేనకోడలు వీళ్ల హాల్లోనే చాప వేసుకుని పడుకుంది.

తెల్లారి ఆయన బల్ల దగ్గర్నుంచి పిలిచాడు. "ఏమోయ్, ఇలా రా. చూసుకో. ఒకటి రెండువేల రెండొందల ఎనభై, రెండోది రెండువేల మూడొందల ఇరవై. ఆ పాతదే ఎక్కువ."

డిటెక్టివమ్మ వేలు పెట్టి చూసింది. కొత్తది గోరువెచ్చగా ఉంది. పాతది టీ గ్లాసులా కాలుతోంది.

"ఈ అంకె బ్యాటరీ ఎంత తిన్నదో చెప్పిందండీ. సరే. ఎంత పని చేస్తుందో కూడా చూద్దాం. ఖాళీ చేసే మీట నొక్కండి."

ఆయన చేయి కదలలేదు. "అక్కర్లేదు."

"నింపేటప్పుడు వచ్చే అంకె నమ్మకూడదని, ముసలి బ్యాటరీ తిన్నదంతా వేడి చేసుకుని కూర్చుంటుందని, ఖాళీ చేసేటప్పుడు ఎంత బయటికిచ్చిందో అదే దాని అసలు సత్తా అని నాకు చెప్పిందెవరు? నేను పప్పు వడ్డిస్తుంటే కూడా చెప్పేవారు."

"నువ్వు వింటున్నావనుకోలేదు."

"నేనూ అనుకోలేదు." ఆమె కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. "ఈ రెండింటినీ ఏ రోజు గూట్లో పెట్టారు?"

"గుర్తు లేదు."

"నాకు గుర్తుంది. మా చుట్టాలు వచ్చిన రోజు పొద్దున. మీరు టిఫిన్ పళ్లెం పక్కన పెట్టుకుని పెడుతుంటే నేను గొడవపడ్డాను. అదే సాయంత్రం ఎదురింటి తలుపు కొట్టి ఇచ్చేశారు. నింపి, ఖాళీ చేసి, మళ్లీ నింపి ఇవ్వాలంటే ఒకటిన్నర రోజు పడుతుంది, గడియారం ఆగిపోయిన ప్రతిసారీ నేను విన్న లెక్క అదే. ఒక్క పగట్లో ఎలా అయిందండీ?"

ఛార్జరుగారు మార్కరు మూత తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు.

*

మధ్యాహ్నం దాటాక ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. వీధిలో జీపు ఆగిన చప్పుడుకి మేనకోడలు తన బట్టల సంచీ తెచ్చుకుని కుర్చీ అంచున కూర్చుంది. నలుగురూ భోజనాల బల్ల చుట్టూ చేరారు, మధ్యలో ఛార్జరు. ఎవరూ నొక్కకపోతే డిటెక్టివమ్మే చేయి చాచి ఖాళీ చేసే మీట నొక్కింది. తెర మీద రెండు సున్నాలు వచ్చాయి.

అంకెలు ఎక్కడం మొదలైంది. పది. ఇరవై. రెండూ పక్కపక్కనే, ఒక బడికి వెళ్లే పిల్లల్లా. గోడ మీద గడియారం పది గంటలు చూపిస్తోంది, ఎవరికీ టైమెంతో తెలియడం లేదు. టీ చల్లారింది. వంద దాటింది. ఇన్‌స్పెక్టర్ మొహంలో ధీమా పెరుగుతోంది, ఛార్జరుగారి మొహంలో ఏదో తగ్గుతోంది. ఆయన తెర వైపు చూడటం లేదు. పాత బ్యాటరీ మీద తన చేత్తో రాసిన రాత వైపు చూస్తున్నాడు.

నూట తొంభై దగ్గర పాత బ్యాటరీ అంకె ఆగిపోయింది. ఆ గూటి దీపం రంగు మారింది. పని అయిపోయిందని దానర్థం.

రెండోది ఏమీ ఎరగనట్టు ఎక్కుతూనే ఉంది. రెండు వందలు. రెండు వందల పది.

"రెండువేల మూడు వందలు తిని నూట తొంభై ఇచ్చింది," అంది డిటెక్టివమ్మ. "సాయంత్రం పెట్టెలో వేస్తే, పిలుపు కోసం పెట్టె రాత్రంతా మేలుకుని ఉండటానికే సగం ఖర్చయిపోయింది. పొద్దున టీచరమ్మ నొక్కిన ప్రతిసారీ ఇంకాస్త పోయింది. మధ్యాహ్నానికి ఏమీ లేదు. జతలో ఒకటి పడిపోతే రెండోది నిండుగా ఉన్నా పెట్టె మోగదు. నువ్వు స్టేషన్లో నింపి తెచ్చి నొక్కావు, మోగింది. మర్నాటికి మళ్లీ నీరసించి, పడుతూ లేస్తూ, కరెంటు అందగానే ఒకసారి మోగే అలవాటున్న ఆ పెట్టె లేచినప్పుడల్లా సగం మూలిగింది. ఈ అమ్మాయి విన్నది అదే."

ఇన్‌స్పెక్టర్ వంగి ఆ ఆగిపోయిన అంకెను చదివాడు. మూర్ఖుడు కాడు, ఓడిపోవడం అలవాటు లేదు, అంతే.

"ఇవాళ నూట తొంభై. ఒప్పుకుంటా. ఇచ్చిన రోజు ఎంత? రెండువేల మూడు వందలని అన్నయ్య సంతకం పెట్టాడు. బాగున్నదాన్ని ఈ అమ్మాయి ఎండలో పెట్టి పాడుచేసిందంటారు, నీళ్లలో పడేసిందంటారు, పైవాళ్లు ఏదైనా అంటారు. ఆ సంతకం ఉన్నంతవరకూ నా చేతులు కట్టేసి ఉన్నాయి వదినా." జేబులోంచి పెన్ను తీసి అన్న వైపు తిరిగాడు. "అన్నయ్యా, ఆ రోజు నువ్వు ఖాళీ చేసి చూశావా, నింపి రాసేశావా? ఆలోచించి చెప్పు. ఏది చెప్పినా రాసుకుంటా. నీ మీదికి వచ్చేదైనా సరే, తమ్ముణ్ణి కదా అని మానను."

"ఈ మధ్య కంపెనీలు సరుకు సరిగ్గా చేయడం లేదు," అన్నాడు ఛార్జరుగారు.



"వాతావరణం కూడా... తేమ ఎక్కువైంది." ఆయన భార్య వైపు చూశాడు. "నువ్వే కదా ఆ రోజు సాయంత్రానికల్లా బల్ల ఖాళీ చెయ్యమన్నావు. లేకపోతే నేను..."

"అన్నాను," అంది డిటెక్టివమ్మ. "బల్ల ఖాళీ చేయమన్నాను. అంకె రాయమనలేదు."

ఆమె ఇంకా చాలా అనగలదు. పన్నెండేళ్ల సరుకు నాలుక చివర ఉంది, రైలు సంగతితో సహా. కాని ఆయన చేతిలోంచి మార్కరు మూత జారి నేల మీద పడింది. ఆమె వంగి దాన్ని తీసి ఆయన ముందు పెట్టింది.

మేనకోడలు సంచీ నేల మీద పెట్టింది. ఛార్జరుగారి వైపు తిరిగి అందరికంటే మెల్లగా మాట్లాడింది.

"సార్, నన్ను తీసుకెళ్తే తీసుకెళ్లనివ్వండి. నాకొక్కటి చెప్పండి. అత్త ఆ మధ్యాహ్నం నన్ను పిలిచిందా?"

ఛార్జరుగారు తలెత్తాడు.

"నేను పిలిచినా రానన్నాను కదా సార్. ఆ మాటకి మనసు విరిగి, బిళ్ల చేతిలో పెట్టుకుని కూడా పిలవలేదేమోనని... ఆయాసం వస్తున్నా నొక్కకుండా పడుకుందేమోనని. ఆ సగం గంట మోగినప్పుడల్లా నాకదే అనిపిస్తోంది. పిలవబోయి మానేసింది అని."

 రెండో బ్యాటరీ అంకె రెండు వందల ఇరవై దాటింది. నిజాయితీగా ఎక్కుతోంది.

ఛార్జరుగారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. అది లేకుండా ఆయన మొహం ఎవరికీ తెలియని మొహంలా ఉంది. పాత బ్యాటరీని గూట్లోంచి తీశాడు. బొటనవేలితో తన రాత మీద రుద్దాడు. అది చెరగలేదు. చెరగని మార్కరు ఎంచి మరీ కొన్నది ఆయనే.

"పిలిచిందమ్మా," అన్నాడు. "రెండుసార్లు కాదు, చాలాసార్లు పిలిచుంటుంది. నీ మీద కోపంతో కాదు, నువ్వు వస్తావని పిలిచింది. నేనది నీ దాకా రానివ్వలేదు."

తర్వాత తమ్ముడి వైపు తిరిగాడు. 

"ఆ రోజు ఖాళీ చేసి చూడలేదు. నింపి, వచ్చిన అంకె రాసేశాను. చేతికి కాలుతుంటేనే నాకు తెలుసు అది పాడైపోయిందని. తెలిసీ ఇచ్చాను. నిన్న నువ్వొచ్చినప్పుడూ తెలుసు, పొద్దున మీ వదిన అడిగినప్పుడూ తెలుసు. రాసుకోరా. పొరపాటు జరిగింది అని రాయకు. తప్పు చేశాను అని రాయి. తప్పు నాది."